తిరుగు టపా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఇంజనీరుగా నా అనుభవాలు" అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. భోజనాలకు ముందు వంతెనల గురించి పదిహేను నిమిషాలు వింటే మీలో సగంమంది నిద్రపోతారు. అందుకని వారి అనుమతితోనే విషయం మార్చాను. మా అబ్బాయీ నేనూ దాదాపు పదేళ్ళు చేసిన ఒక పని గురించి చెబుతాను. ముక్కూ మొహం తెలియని ఆటగాళ్ళకు ఉత్తరాలు రాసి, వాళ్ళ బొమ్మ ఉన్న కార్డుల మీద సంతకాలు తెప్పించుకోవడం. దీనికీ మన బడికీ సంబంధమేమిటో చివర్లో మీకే తెలుస్తుంది.

మేముండేది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో. అక్కడికి రెండు గంటల దూరంలో గ్రీన్ బే అనే ఊరుంది. జనాభా లక్షకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న ఊరికి ప్యాకర్స్ అనే పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఉంది. దానికి యజమాని ఏ కోటీశ్వరుడో కాదు, లక్షలమంది మామూలు వాటాదారులు. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, తలకు హెల్మెట్ ఉంటుంది, బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. వేసవి శిక్షణ రోజుల్లో అక్కడి పిల్లలు సైకిళ్ళు తెచ్చుకుని స్టేడియం బయట నిలబడతారు. ఆటగాళ్ళు ఆ చిన్న సైకిళ్ళెక్కి ప్రాక్టీసు మైదానానికి వెళ్తుంటే, పిల్లలు వాళ్ళ హెల్మెట్లు పట్టుకుని పక్కన నడుస్తారు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళప్పుడు, 2009లో, అది చూడ్డానికి తీసుకెళ్ళాను. ఆ రోజుతో వాడికి పిచ్చి పట్టుకుంది.

అక్కడ ఆటగాళ్ళ బొమ్మలతో కార్డులు అమ్ముతారు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు, అంటే పేకముక్కంత. టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ ఒకప్పుడు గమ్ముతో పాటు వీటిని పెట్టి అమ్మేది. 1990 ప్రాంతంలో రకరకాల కంపెనీలు పోటీపడి లెక్కకు మించి అచ్చువేశాయి. అందుకే ఆ కాలపు కార్డులు ఇప్పటికీ కారుచౌక. మా వీధిలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్ముతుంటే, చెప్పుల పెట్టె నిండా కార్డులు రెండు డాలర్లకు కొన్నాం. వాటి మీద సంతకాలు ఎలా తెప్పించుకోవాలో ఆయనే చెప్పాడు.

పద్ధతి సులువే. ఒక కార్డు, ఒక ఉత్తరం, మన చిరునామా రాసి స్టాంపు అంటించిన ఖాళీ కవరు. ఈ మూడూ ఇంకో కవరులో పెట్టి జట్టు ఆఫీసుకు పంపాలి. ఆయన సంతకం చేసి, కార్డును మన కవర్లో పెట్టి డబ్బాలో పడేస్తే చాలు. వినగానే నాకు మన రిప్లై కార్డు గుర్తొచ్చింది. రెండు పోస్టు కార్డులు కలిసి ఉండేవి. ఒకటి మనం రాసేది, రెండోది అవతలివాళ్ళు జవాబు రాసి పంపేది. ఇంగ్లీషు మాస్టారు ఒకసారి దాన్ని క్లాసుకు తెచ్చి చూపించారు. "జవాబు కావాలంటే జవాబు ఖర్చు మనం పెట్టుకోవాలిరా" అన్నారు.

ఉత్తరం ఎలా రాయాలో మా అబ్బాయికి నేను చెప్పింది కూడా మాస్టారి పాఠమే. మొదటి పేరాలో నువ్వెవరు. రెండో దాంట్లో ఎందుకు రాస్తున్నావు. మూడో దాంట్లో ఏం కావాలి. పేజీ దాటకూడదు. చేత్తో రాయాలి. ఇంకో రెండు జాగ్రత్తలు మేం నేర్చుకున్నాం. కొత్త కార్డుల నునుపు మీద సిరా నిలవదు, కాబట్టి పిల్లల పౌడరు కొంచెం అద్ది మెత్తగా తుడవాలి. సంతకంతో పాటు మావాడి పేరు కూడా రాయమని అడగాలి. పేరు రాసిన కార్డుకు బజార్లో ధర తగ్గుతుంది. అందువల్ల, అమ్ముకోవడానికి అడగడంలేదని ఆటగాడికి అర్థమవుతుంది.

నేను ఇంజనీర్ని కదా, ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. పంపిన తేదీ, వచ్చిన తేదీ, పట్టిన రోజులు. మొత్తం 384 ఉత్తరాలు పంపాం. జవాబులు 163. అన్నిటికంటే త్వరగా వచ్చింది తొమ్మిది రోజుల్లో. ఆలస్యంగా వచ్చింది దాదాపు ఆరేళ్ళకు. ఈలోగా తపాలా ఛార్జీలు పెరిగాయి. అయినా ఆ కవరు చేరింది. ఎందుకంటే దాని మీద ఉన్నది ఫరెవర్ స్టాంపు. 2007 నుంచి అమ్ముతున్నారు. రేటు ఎంత పెరిగినా మామూలు ఉత్తరానికి అది చెల్లుతుంది.

కొన్నిటి మీద సంతకం చేసింది చెయ్యి కాదు, యంత్రం. రెండు కార్డులు పక్కపక్కన పెడితే గీతకు గీత ఒకటే ఉంటుంది. కొందరి సంతకం కోడి గెలికినట్టు ఉంటుంది. హార్మన్ కిల్‌బ్రూ అని బేస్‌బాల్‌లో ఒక మహానుభావుడు ఉండేవాడు. పేరు చదవగలిగేలా సంతకం చెయ్యమని కుర్ర ఆటగాళ్ళకు చెప్పేవాడట. మన దస్తూరి చూసి స్కేలుతో కొట్టిన మాస్టార్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

ఎక్కువ జవాబులు లైన్‌మెన్ దగ్గర్నుంచి వచ్చాయి. మన ఊళ్ళో లైన్‌మాన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడు. అక్కడ, బంతి పట్టుకున్న నాయకుణ్ణి కాపాడడానికి ముందు వరసలో నిలబడి ఢీకొట్టే అయిదుగురు. పేరంతా నాయకుడికి, దెబ్బలన్నీ వీళ్ళకు. వీళ్ళను సంతకం అడిగేవాళ్ళు తక్కువ. అందుకే అడిగితే సంతోషిస్తారు.

అలాంటి ఒకాయన, 1960లలో ఆడినాయన. మావాడు రాసిన రెండు నెలలకు కవరు వచ్చింది. కార్డు మీద సంతకం లేదు. ఆయన భార్య రాసిన చిన్న చీటీ ఉంది. "ఆయన ఇప్పుడు తన పేరు రాయలేరు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. నవ్వారు." జబ్బు పేరు రాయలేదు. 2002లో చనిపోయిన మైక్ వెబ్‌స్టర్ అనే ప్రసిద్ధ ఆటగాడి మెదడును డాక్టర్ బెనెట్ ఒమాలు పరీక్షించిన తరవాత, తల మీద ఏళ్ళ తరబడి తగిలే దెబ్బలు మెదడును ఏం చేస్తాయో ఆ దేశం తెలుసుకుంది. మావాడు కూడా బళ్ళో చదివాడు. ఆ కార్డు ఏం చేద్దామన్నాను. వాడు దాన్ని, చీటీతో కలిపి, ఆల్బంలో మొదటి పేజీలో పెట్టాడు. నోటుపుస్తకంలో "జవాబు వచ్చింది" అని రాశాడు. 163లో అదీ ఉంది.

2018లో వాడు యూనివర్సిటీకి బయలుదేరే ముందు ఇద్దరం కూర్చుని లెక్క చూశాం. 221 మంది జవాబు ఇవ్వలేదు. నేను విసుక్కున్నాను. "స్టాంపు మనదే, కవరు మనదే. ఒక్క సంతకం గీకడానికి ఏం కష్టం?" అన్నాను. వాడు పెట్టె సర్దుకుంటూ మామూలుగానే అడిగాడు. "నాన్నా, నీకొచ్చిన ఉత్తరాలన్నిటికీ నువ్వు జవాబు రాశావా?"

నేను మాట్లాడలేదు. ఎందుకంటే నా సర్టిఫికెట్ల ఫైలులో ఒక ఇన్‌లాండ్ లెటరు ఉంది. 1987లో నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చిందని తెలిసి ఇంగ్లీషు మాస్టారు రాసింది. ఉత్తరమంతా ఇంగ్లీషులో ఉంది. చివరి వాక్యం మాత్రం తెలుగులో. "హాస్టల్లో తిండి ఎలా ఉందో, చదువు ఎలా సాగుతుందో రెండు ముక్కలు రాయి." మొదటి వారం పరీక్షలన్నాను. తరవాత సెలవులన్నాను. ఆ తరవాత సిగ్గేసింది. ఆ ఉత్తరం నాతో నాలుగు ఊళ్ళు తిరిగి, సముద్రం దాటింది. దానికి జవాబు మాత్రం వెళ్ళలేదు.

మావాడు అడిగిన రోజైనా రాయాల్సింది. అప్పుడూ రాయలేదు. 31 ఏళ్ళ ఆలస్యాన్ని మొదటి పేరాలో పెట్టాలా, రెండో పేరాలో పెట్టాలా తెలియలేదు. అది పాఠంలో లేదు.

మనకు పాఠాలు చెప్పినవాళ్ళలో లెక్కల మాస్టారు లేరు, సైన్సు టీచరుగారు లేరు, డ్రిల్లు మాస్టారు లేరు. వాళ్ళు మనకు రాసిన ఉత్తరాలు మీ ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటాయి. ఇవాళ ఇంటికెళ్ళాక ఒకసారి పాత ఫైళ్ళు తియ్యండి. జవాబు రాయాల్సినవి ఉంటే, చేరడానికి చిరునామా ఉండగానే రాయండి.

ఇంగ్లీషు మాస్టారు మాత్రం మన అదృష్టం కొద్దీ ఈ సభలోనే, ముందు వరసలో మూడో కుర్చీలో ఉన్నారు.

మాస్టారూ, నేను కిందికి దిగి మీ చేతికి ఒక కవరు ఇస్తాను. అందులో మీ ఉత్తరానికి నా జవాబు ఉంది. ఒక్క పేజీ. చేత్తోనే రాశాను. 38 ఏళ్ళు పట్టింది. నా పుస్తకంలో ఇంతకంటే ఆలస్యమైంది ఇంకొకటి లేదు. దాంతోపాటు మన పదో తరగతి గ్రూపు ఫొటో, పేకముక్కంత అట్ట మీద అచ్చువేయించింది. మధ్యలో కుర్చీలో కూర్చున్నది మీరే. స్టాంపు అంటించిన కవరు కూడా ఉంది. మన దేశపు స్టాంపే. చిరునామా ఇదే ఊళ్ళో మా చెల్లెలి ఇంటిది.

వీలున్నప్పుడు ఆ ఫొటో మీద ఒక సంతకం చెయ్యండి. ఉత్తరంలో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది, అదీ అందులోనే పంపండి. ఎన్నాళ్ళు పట్టినా ఫరవాలేదు.