సైడ్‌కారు బండిలో ఆల్టర్నేటరు: నిదానమును చికిత్సయు



సైడ్‌కారు తగిలించిన మోటారు సైకిలులో ఆల్టర్నేటరు పనిచేయక నిలిచినప్పుడు దానిని ఇంటివద్దనే బాగుచేసికొను విధమును గూర్చి ప్రసంగింపుమని మోటారు సైకిలు ప్రియుల సంఘమువారైన మీరు నన్ను కోరితిరి. ఇందుకు నేను పాత ఇనుప ఇంజిను గల బుల్లెట్టును దృష్టాంతముగా గ్రహించుచున్నాను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ వెలసిన నాటినుండి మన దేశపు రోడ్లకు చిరపరిచితమైన ఆ బండి నిర్మాణము మీలో అనేకులకు కరతలామలకము. నేను చెప్పదలచినది ఒక్కటే: విప్పుటకు ముందు కొలువవలెను. కొలిచి, కారణము నిశ్చయించుకొని, ఆ తరువాతనే పానా చేతబట్టువాడు ఇంటివద్ద చేయు మరమ్మతు ఏ పెద్ద పనిశాలలోని మరమ్మతునకును తీసిపోదు.

లోహపు తీగచుట్ట సమీపమున అయస్కాంతక్షేత్రము మారినచో ఆ తీగయందు విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. మన బండిలోని యంత్రము ఆ సూత్రముపైననే నిలిచియున్నది. క్రాంకు కొనకు బిగింపబడిన మాగ్నెట్టు ఇంజినుతోపాటు తిరుగుచుండగా, దానిచుట్టు మూడు స్టడ్లమీద కదలక నిలిచిన కాయిళ్లలో దిశ మార్చుకొను ప్రవాహము జనించును. రెక్టిఫయరు దానిని ఒకే దిశకు మరల్చును. రెగ్యులేటరు దానిని హద్దు మీరనీయక బ్యాటరీకి అందించును. ఈ మువ్వురిలో ఎవరు విధి తప్పినను బ్యాటరీ క్షీణించును. బ్యాటరీ క్షీణించినంతనే లోకము ఆల్టర్నేటరునే నిందించును.

సైడ్‌కారు బండి విషయమున ఈ నింద మరింత తొందరపాటుతో కూడినది. ముగ్గురిని మోయుచు, సంతవీధులలో తక్కువ గేరులో మెల్లగా సాగుచు, పగలే దీపము వెలిగించుకొని నడచు బండిలో మాగ్నెట్టు వేగము చాలినంత ఉండదు. 60 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు త్రాగును. దానికి వెనుక దీపమును, సైడ్‌కారు దీపములును తోడైనప్పుడు, ఏ లోపమును లేని ఆల్టర్నేటరు సైతము నిదానపు వేగమున ఖర్చునకు తగిన రాబడి చూపలేకపోవచ్చును. ఇంకొక మాట. సైడ్‌కారు దీపము మినుకుమినుకుమనుచున్నంత మాత్రమున జనకయంత్రము చెడినదని తలపరాదు. సైడ్‌కారును బండితో కలుపు బోల్టుల నడుమ త్రుప్పును, రంగును అడ్డుపడి ఎర్త్ సరిగా అందనప్పుడు అట్లే జరుగును. బ్యాటరీ నెగటివునుండి సైడ్‌కారు చట్రమునకు ప్రత్యేకముగా ఒక తీగ లాగినచో ఆ బాధ తొలగును.

ఇక మల్టీమీటరుతో చేయు కొలతల క్రమము చెప్పెదను. పూర్తిగా చార్జి అయి కొన్ని గంటలు విశ్రమించిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 12కు దిగువనున్న బ్యాటరీతో ఏ పరీక్షయు నమ్మదగినది కాదు. ఇంజిను నడిపి, వేగము పెంచి, బ్యాటరీ కొనలవద్ద చూచినచో ముల్లు 14 వోల్టుల చెంతకు ఎక్కవలెను. ఎక్కక 12 వద్దనే కూర్చుండి, దీపము వేయగనే ఇంకను జారినచో చార్జి అందుటలేదని అర్థము. హెడ్‌లైటు పైనున్న అమ్మీటరు కూడ ఈ సంగతినే తన భాషలో చెప్పుచుండును. పిమ్మట ఇంజిను ఆపి, కాయిలు తీగల కప్లరు విడదీసి, ఆ తీగల నడుమ ఏసీ వోల్టేజి చూచుచు ఇంజినును మరల నడుపవలెను. వేగముతోపాటు ఆ వోల్టేజి క్రమముగా పెరిగినచో కాయిళ్లు నిర్దోషులు. దోషము రెగ్యులేటరునందో, తీగలయందో వెదకవలెను. పెరుగనిచో ఇంజిను ఆపి, మీటరును ఓములకు మార్చి, ముందుగా దాని రెండు కొనలను ఒకదానికొకటి తాకించి ఆ అంకెను గుర్తుంచుకొని, కాయిలు తీగల నడుమ నిరోధమునుండి దానిని తీసివేయవలెను. మిగిలినది మిక్కిలి స్వల్పముగా, తరచు ఒక ఓముకు లోపలనే, ఉండవలెను. తీగకును బాడీకిని నడుమ మాత్రము ఏ సంబంధమును కనబడరాదు. అయితే కొన్ని కాయిళ్లలో ఒక కొనను తయారీలోనే బాడీకి కలుపుదురు గనుక ఆ బండి వైరింగు పటము చూడక తీర్పు చెప్పరాదు.

కప్లరును విడదీసినప్పుడే దానిని వెలుతురులో పట్టి చూడుడు. ఒక పిన్ను చుట్టు ప్లాస్టికు గోధుమవన్నెకు తిరిగి, ఇత్తడి మెరుపు కోల్పోయి నల్లబడియున్నచో అచటనే రోగము దాగియుండవచ్చును. వదులైన పిన్ను ప్రవాహమును అడ్డగించును. అడ్డగింపబడిన ప్రవాహము వేడియగును. వేడి పిన్నును మరింత వదులుచేయును. ఇట్టి చోట కొత్త పిన్ను నొక్కి అమర్చుటతో పని ముగియును, ఇంజినులో ఒక్క నట్టును కదల్చవలసిన అగత్యము లేదు.

దోషము కాయిళ్లలోనే యని కొలతలు నిశ్చయించినప్పుడు మాత్రము విప్పక తప్పదు. మన దేశమున బండ్లు రోడ్డుకు ఎడమప్రక్కన నడచును గనుక సైడ్‌కారును ఎడమకే తగిలింతురు. పాత బుల్లెట్టులో ఆల్టర్నేటరు సైతము ఎడమప్రక్క చైన్‌కేసులోనే యున్నది. కావున అనేక బండ్లలో చేతికి చోటు దొరకుటకై సైడ్‌కారును వేరుచేయవలసి వచ్చును. వేరుచేయుటకు ముందు ప్రతి కడ్డీ పొడవును, ప్రతి మర స్థానమును రంగుతో గుర్తింపవలెను. సైడ్‌కారు చక్రము ముందువైపు బండి దిక్కునకు కొద్దిగా, సామాన్యముగా అర అంగుళము మొదలు ఒక అంగుళము వరకు, మొగ్గియుండును. బండి సైడ్‌కారునుండి అవతలివైపునకు రవంత వాలియుండును. ఈ రెండింటిలో ఏది చెదిరినను హ్యాండిలు ఒకవైపునకు లాగును, టైరు అకాలమున అరుగును. సైడ్‌కారు బండ్లకు స్టాండు తీసివేయుట కలదు గనుక, ఊతము పోయినంతనే పడిపోకుండ బండిని కట్టెదిమ్మెలతో ఇరుప్రక్కల నిలిపి, బ్యాటరీ ఎర్త్ తీగ ఊడదీసి, ఆ తరువాతనే చైన్‌కేసు జోలికి పోవలెను.

ఎడమ ఫుట్‌రెస్టును, బ్రేకు పెడలును తొలగించి, క్రింద ట్రే ఉంచి, నడుమనున్న ఒక్క పెద్ద నట్టు విప్పినచో మూత ఊడి చేతికి వచ్చును. పడిన నూనెను పారబోయక చూడుడు: అందులో మెరయు లోహపు పొడియు, మాడిన వాసనయు లోపలి చరిత్రను చెప్పును. స్టడ్లమీది నట్లు తీసి కాయిళ్లను లాగినప్పుడు మాగ్నెట్టు వానిని విడువనొల్లక గుంజును. తొందరపడి మాగ్నెట్టును సుత్తితో కొట్టరాదు, దెబ్బలవలన దాని బలము తగ్గును. దీర్ఘకాలము వేడి నూనెలో మునిగిన తీగల తొడుగు గట్టిపడి, వంచినంతనే పగులును. చైనుకు సమీపించిన చోట ఒరసుకొని రాగి బయటపడియుండును. తెగినది బయటి తీగయైనచో శుభ్రముగా టంకము వేసి, నూనెకును వేడికిని ఓర్చు తొడుగు తొడిగినచో చాలును. లోపలి చుట్టయే మాడినచో కొత్త కాయిళ్లు వేయవలెను, లేదా మన పట్టణములలోని మోటారు వైండింగు పనివారికి అప్పగింపవలెను. తీగ గేజియు, చుట్ల సంఖ్యయు, ప్రతి కాయిలు చుట్టిన దిశయు పూర్వమువలెనే యుండవలెనని వారికి వ్రాసియిచ్చుట మన విధి. ఒక్క కాయిలు ఎదురుదిశలో చుట్టబడినను అది తోటివాని రాబడిని హరించును.

తిరిగి అమర్చునప్పుడు మాగ్నెట్టునకును కాయిళ్లకును నడుమ చుట్టును 0.2 మిల్లీమీటరు ఫీలర్ గేజి స్వేచ్ఛగా దూరవలెను. కిక్కుతో ఇంజినును మెల్లగా త్రిప్పుచు పలు స్థానములలో దానిని పరీక్షింపవలెను. తీగను చైనుకు అందకుండ బంధింపవలెను. మూత తెరచియున్న తరుణముననే ప్రైమరీ చైను బిగువుగానున్న చోట పావు అంగుళము ఆట ఉన్నదా యని చూచుకొనుట వివేకము. రబ్బరు సీలు పాతబడినచో మార్చి, లెవెలు రంధ్రమునుండి నూనె కారువరకు మెల్లగా పోయవలెను. పిదప సైడ్‌కారును గుర్తుల ప్రకారము బిగించి, రెండు పొడవాటి సమమైన పలకలను చక్రముల వెంబడి ఆనించి మొగ్గును సరిచూచి, ఖాళీ సైడ్‌కారుతో గాక, ప్రయాణికుని బరువు ఉంచి నడపి చూడవలెను. కడపట దీపములన్నియు వెలిగించి మరల వోల్టులు కొలువవలెను. 15 దాటినచో రెగ్యులేటరు చెడినట్లే, అది బ్యాటరీని ఉడికించును. ఇంజిను నడుచుచుండగా బ్యాటరీ తీగను ఊడదీసి చూచు అలవాటు పలువురికి కలదు. అది రెగ్యులేటరును చంపు పరీక్ష, దానిని మానుడు.

మిత్రులారా, నేను చెప్పిన అంకెలు మార్గదర్శకములు మాత్రమే. ప్రతి బండికిని తనవైన అంకెలు కొన్ని ఉండును, అవి ఆ బండి ఆరోగ్యముగా నున్ననాడే లభించును. కావున ఈ సంఘమునకు నాదొక మనవి: ప్రతి సభ్యుడును ఈ నెలలోనే తన బండి బ్యాటరీ వోల్టులను, కాయిళ్ల నిరోధమును, నిర్దిష్ట వేగమున ఏసీ వోల్టేజిని, సైడ్‌కారు మొగ్గును కొలిచి ఒక పుస్తకమున వ్రాసికొనవలెను, మీటరు లేనివారికి సంఘమే ఒకటి సమకూర్చవలెను, ఈ వృత్తిలో అడుగిడు కుర్రవానికి పానా ఇచ్చుటకు ముందు ఆ మీటరు పట్టుట నేర్పవలెను. సైడ్‌కారులో కూర్చుండువారు తరచు మన ఇంటి వృద్ధులు, స్త్రీలు, పిల్లలు. చీకటి దారిలో వారికి వెలుగు చూపు యంత్రమును ఊహమీద బాగుచేయు అధికారము మనకు లేదు.