తల్లిదండ్రుల వైద్యం – పిల్లల ఆదాయపు పన్ను



"నాకు పింఛను వస్తోంది. మా అబ్బాయి మీద ఆధారపడి లేను. వాడి పన్ను లెక్కలో నా పేరెలా వస్తుంది?" అని మనలో చాలామంది అంటుంటారు. ఇది సగమే నిజం.

మన దేశంలో తల్లిదండ్రులకు తిండి పెట్టి పోషిస్తున్నంత మాత్రాన పన్ను తగ్గదు. వారి ఆరోగ్యానికి పెట్టిన ఖర్చుకే మినహాయింపు. 1961 చట్టంలోని 80డి సెక్షను ప్రకారం, 60 ఏళ్లు నిండిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం కొడుకుగానీ కూతురుగానీ కడితే, ఇద్దరికీ కలిపి ఏడాదికి 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. బీమా లేనివారి వైద్య ఖర్చును 2018-19 నుంచి ఇదే పరిమితిలో చూపవచ్చు. దీనికి తల్లిదండ్రులు ఆధారపడి ఉండాలన్న షరతు లేదు. పింఛను అడ్డు రాదు. అత్తమామలకు మాత్రం వర్తించదు.

ఆధారపడి ఉండాలన్న షరతు మరో రెండింటికి ఉంది. 40 శాతం వైకల్యం ఉంటే 80డిడి కింద 75,000, 80 శాతమైతే 1,25,000. క్యాన్సర్ వంటి కొన్ని జబ్బుల చికిత్సకు 80డిడిబి కింద వృద్ధులకు లక్ష వరకు. వీటికి డాక్టరు ధ్రువపత్రాలు కావాలి.

అసలు చిక్కు నగదు దగ్గరుంది. ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000 తప్ప, 80డి కింద నగదు చెల్లింపు లెక్కకు రాదు. మనమేమో విశాఖ ఆసుపత్రికి వెళ్లి, పింఛను డబ్బు కౌంటరులో కట్టి, బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటాం. అది ఎవరికీ పనికిరాదు. పిల్లలే తమ ఖాతా నుంచి కట్టాలి, బిల్లులు దాచాలి. 20 శాతం పన్ను పరిధిలో ఉన్న కొడుకు తల్లి వైద్యానికి 40,000 అలా కడితే, సెస్సుతో కలిపి 8,320 రూపాయలు మిగులుతాయి.

ఒక హెచ్చరిక. 2023-24 నుంచి, పాత విధానం కావాలని కోరకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. అందులో ఈ మినహాయింపులు లేవు. ఏది లాభమో రెండు లెక్కలూ వేయించి చూడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. నంబరు మరచినా విషయం మరవకండి.

పిల్లలకు భారమవుతామని జబ్బు దాచుకునే వాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. ముఖ్యంగా ఆడవాళ్లు నొప్పి ముదిరేదాకా నోరు మెదపరు. "మా వైద్యం బిల్లు నీ ఖాతా నుంచే కట్టు నాయనా, నీ పన్నూ తగ్గుతుంది" అని చెప్పడానికి మొహమాటం దేనికి? అలా చెబితే వైద్యం ఆలస్యం కాదు, పిల్లలకూ కొంత కలిసివస్తుంది.