ఫిలిప్పీను దేశపు చారిత్రక చలనచిత్రములు



'ఇతిహాసము' అను శబ్దమునకు మన పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి మిక్కిలి సరళమైనది. ఇతి, హ, ఆస - 'ఇట్లు గదా యుండెను' అని దాని యర్థము. ఫిలిప్పీను దేశమున ఎడ్డీ రొమేరో అను దర్శకుడు 1976వ సంవత్సరమున ఒక చలనచిత్రమును తీసి దానికి 'గనితో కమీ నోన్, పానో కయో ఙయోన్?' అని పేరు పెట్టెను. తగాలోగు భాషలోని యీ మాటలకు 'అప్పుడు మే మిట్లుంటిమి. ఇప్పుడు మీ రెట్లున్నారు?' అని యర్థము. ఇందలి మొదటి సగము మన యితిహాస శబ్దమునకు సరియైన యనువాదమువలె నున్నది. రెండవ సగము దానికి జేర్చిన ప్రశ్న. ఆ దేశపు చారిత్రక చిత్రములలో జూడదగిన వేవి యని యెవరైన నన్నడిగినచో, ఈ రెండవ సగమును గూడ నడుగునవియే యని చెప్పుదును. వీరుని స్తుతించి యంతటితో ముగించు చిత్రములు అన్ని దేశములలోను గలవు. ఆ వీరుడు పోయిన పిమ్మట మిగిలిన జనులు ఎట్టివారని విచారించు చిత్రములు అరుదు. ఫిలిప్పీనువారు అట్టి చిత్రములను పెక్కింటిని తీసిరి. కొన్నింటిని గూర్చి నేడు మనవి చేసెదను.

ముందుగా కథాభూమిని గొంచెము పరిచయము చేయవలెను. ఆ దీవులు 1565 మొదలు 1898 వఱకు స్పెయిను రాజ్యమునకు లోబడి యుండెను. నడుమ 1762లో చెన్నపట్టణమునుండి ఓడలపై బయలుదేరిన ఆంగ్లసేన మనీలా నగరమును బట్టుకొని 1764 వఱకు నిలిచెను. ఆ సేనలోని సిపాయీలు కొందరు తిరిగి రాక, మనీలాకు దగ్గఱనున్న కైంతా గ్రామమున స్థిరపడిరి. మఱియొక సంబంధము గూడ గలదు. స్పెయినువారి పాలనలో 'ఫిలిపీనో' యను పేరు ఆ దీవులలో బుట్టిన స్పెయిను జాతివారికే చెల్లెడిది. అక్కడి మూలవాసులను 'ఇండియో' అని పిలిచెడివారు. మన దేశపు పేరునుండి పుట్టిన యా శబ్దము అచ్చట తిరస్కారవాచకమై ప్రవర్తిల్లినది. ఇండియో యని పిలువబడినవాడు తన్ను ఫిలిపీనో యని చెప్పుకొనుట కెంత కాలము పట్టెను, ఎంత నెత్తురు ధారవోసెను - నేను చెప్పబోవు చిత్రములలో పెక్కింటికి ఇదియే వస్తువు.

కాలక్రమమున మొదట జూడదగినది 'గోంబుర్సా'. 2023లో పేపే డియోక్నో దీనికి దర్శకత్వము వహించెను. గోమెజ్, బుర్గోస్, సమోరా అను ముగ్గురు క్రైస్తవ పురోహితుల పేళ్లలోని తొలి యక్షరములను గూర్చిన పద మిది. స్వదేశీయులైన పురోహితులకు గూడ దేవాలయములపై నధికార ముండవలెనని బుర్గోసు వాదించెను. 1872 జనవరిలో కవీతె ఆయుధశాలలో సిపాయీలు తిరుగబడగా, ఆ నెపముతో నీ ముగ్గురను బంధించి, ఫిబ్రవరి 17వ తేదీన ఇనుపపట్టెడతో గొంతు నులిమి చంపిరి. గోమెజ్ డెబ్బది దాటిన వృద్ధుడు. సమోరాపై జూపిన సాక్ష్యము జూదమునకు బిలుచు నొక చీటి యనియు, అందు పందెపు సొమ్మునకు సంకేతముగా వ్రాసిన 'తుపాకిమందు, గుండ్లు' అను మాటలను తిరుగుబాటుకు సాక్ష్యముగా గైకొనిరనియు చెప్పుదురు. ఒక పదమున కర్థము తప్పుగా దీసి మనుష్యుని ప్రాణము దీయుటకంటె ఘోర మేమి గలదు? చిత్రమున నాక్రోశము తక్కువ. న్యాయస్థానపు నిర్జీవమైన క్రమపద్ధతియే ఎక్కువ. చూచువారికి భయము గలిగించునది ఆ క్రమపద్ధతియే.

ఆ మరణదండన జరిగిన నాటికి హోసే రిజాల్ పదియేండ్ల బాలుడు. పెద్దవాడై, 1891లో వెలువరించిన తన రెండవ నవలను ఆ ముగ్గురు పురోహితులకే అంకితము చేసెను. అతడు నేత్రవైద్యుడు, కవి, నవలారచయిత. కత్తి పట్టినవాడు కాడు. అయినను 1896 డిసెంబరు 30వ తేదీన మనీలాలో వానిని కాల్చి చంపిరి. స్వాతంత్ర్యప్రకటనకు నూరేండ్లు నిండిన 1998లో మారిలూ డియాజ్ అబాయా అను దర్శకురాలు 'హోసే రిజాల్' అను చిత్రమును దీసెను. సీజర్ మోంతానో నాయకపాత్రధారి. కారాగారమున నున్న రిజాలుతో ఆతని పక్షమున వాదింప నియుక్తుడైన స్పెయిను సైనికోద్యోగి మాటలాడుచుండగా, పూర్వకథయంతయు విప్పబడును. శత్రుపక్షమువాడే క్రమక్రమముగా నీ ఖైదీని గౌరవింప మొదలిడుట యిందలి సొగసు. రిజాల్ తన నవలలోని పాత్రయైన సిమోనుతో ముఖాముఖి వాదించు ఘట్ట మొకటి గలదు. పగకు బ్రతినిధియైన ఆ పాత్రను సృష్టించినవాడు తానే. ఇప్పు డా పగయే తన యెదుట నిలిచి సమాధాన మడుగుచున్నది.

దీనిని జూచిన పిమ్మట మైక్ దె లియోన్ 1999లో దీసిన 'బయానింగ్ థర్డ్ వరల్డ్' అను చిత్రమును తప్పక చూడవలెను. ఇది తెలుపు నలుపుల చిత్రము. రిజాలుపై చిత్రము తీయదలచిన యిద్దరు మిత్రులు, మరణమునకు ముందు రిజాల్ తన యభిప్రాయములను వదలుకొని చర్చికి లొంగుచు సంతకము చేసెనా లేదా యని విచారణకు బూనుకొందురు. ఎన్నడో గతించిన తల్లిని, అన్నను, అక్కచెల్లెండ్రను, పురోహితుని, తుదకు రిజాలునే ప్రశ్నింతురు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పుదురు. ప్రతిమగా మారిన మహాపురుషుని మరల మనుష్యునిగా జూచుట యెంత కష్టమో ఈ చిత్రము హాస్యముతోనే బోధించును. అబాయాగారి చిత్రము పురాణశ్రవణమైనచో, ఇది దానిపై జరిగిన శాస్త్రచర్చ వంటిది. రెండును గావలసినవే.

ఇక రెండవ ఘట్టము. 1898 జూన్ 12వ తేదీన అగినాల్డో స్వాతంత్ర్యమును బ్రకటించెను. ఆ డిసెంబరులోనే స్పెయిను ఆ దీవులను రెండుకోట్ల డాలర్లకు అమెరికావారి కప్పగించెను. 1899 ఫిబ్రవరిలో యుద్ధము మొదలయ్యెను. ఆ యుద్ధమున ఫిలిప్పీను సేనను నడిపిన ఆంతోనియో లూనా కథయే జెరోల్డ్ తరోగ్ 2015లో దీసిన 'హెనెరల్ లూనా'. జాన్ ఆర్సిల్యా ఆ పాత్రను ధరించెను. లూనా ఔషధశాస్త్రపండితుడు, మహాకోపి. తన ప్రాంతమును, తన వర్తకమును, తన పరివారమును దేశముకంటె నెక్కువగా జూచుకొనువారిని సహింపలేకపోయెను. 1899 జూన్ 5వ తేదీన కబనతువాన్ పట్టణమున వానిని జంపినవారు అమెరికా సైనికులు గారు. అగినాల్డో స్వగ్రామమైన కవీతు దళమువారు. హతుల దేహముల నీడ్చుకొని పోవు ఘట్టమును దర్శకుడు, లూనా యన్నయగు హువాన్ లూనా 1884లో చిత్రించి మాడ్రిడులో స్వర్ణపతకము పొందిన 'స్పోలియారియమ్' అను ప్రసిద్ధచిత్రమును దలపించునట్లు తీర్చెను. అన్న చిత్రించిన మృతవీరుల దుర్గతి తమ్మునికి సంభవించినట్లు తోచి, చూచువారి మనస్సు కలతపడును.

ఈ చిత్రము మొదటనే, పెద్ద సత్యమును జెప్పుటకై నిజమును గల్పనయు గలిపితిమని యొప్పుకొనును. ఇందుకు గొంద రాక్షేపింతురు. మన యాలంకారికులు, ముఖ్యముగా ఆనందవర్ధనుడు, ఇతిహాసమునుండి గ్రహించిన కథయందైనను రసమునకు విరుద్ధమైన దానిని విడిచి వేఱొక విధముగా గల్పించుటకు కవికి స్వాతంత్ర్య మిచ్చిరి. ఆ న్యాయము వీరికిని జెల్లును. కాని కవి స్వాతంత్ర్యము ప్రేక్షకుని సోమరితనమునకు అనుజ్ఞ గాదు. కల్పన యని చెప్పిన తరువాత నిజమును వెదకుకొనుట ప్రేక్షకుని పని.

ఆ పని జరుగుటలేదనుటకు ఒక నిదర్శనము. అగినాల్డో మంత్రివర్గమునకు బ్రధానియైన అపోలినారియో మబీని పక్షవాతముచే కాళ్లు పడిపోయినవాడు. చిత్రమున నాతడు సర్వదా కూర్చుండియే యుండును. చిత్రము ప్రదర్శింపబడుచున్న దినములలో, ఆ వేషము ధరించిన ఎపీ కిజోన్ అను నటుని కొందరు విద్యార్థులు 'మీరు ఒక్కసారియైన లేవరేమి?' అని యడిగిరట! ఈ వార్త ఆ దేశమంతట బ్రాకి, కొందరికి నవ్వు, కొందరికి దుఃఖము గలిగించెను. జీవితమంతయు పిల్లలకు పాఠములు చెప్పినవాడను గనుక నాకు నవ్వు రాలేదు. పిల్లల నేల నిందింపవలెను? వారికి దెలుపవలసినవారు తెలుపలేదు. ఆ లోపము నొక చిత్రము బయటపెట్టినది. ఒక్క ప్రశ్నతో మబీని యెవరో వేలకొలది జను లడిగి తెలిసికొనిరి. ఆ చిత్రము చేసిన యుపకారములలో నిది చిన్నది కాదు.

దీనికి ఉత్తరభాగముగా తరోగ్ 2018లో 'గోయో' యను చిత్రమును దీసెను. అగినాల్డో తప్పించుకొని పోవుటకై తిరాద్ కనుమకడ సుమారు అరువదిమందితో అమెరికా సేన నడ్డగించి, 1899 డిసెంబరు 2వ తేదీన ఇరువదినాలుగేండ్ల ప్రాయమున మడిసిన గ్రెగోరియో డెల్ పిలార్ ఇందు నాయకుడు. ఇది అభిమన్యుని కథ గదా యని మనకు దోచును. కాని దర్శకు డట్లు తీయలేదు. నాయకుని ముఖసౌందర్యమును, ప్రణయములను, అగినాల్డోయెడ గల గ్రుడ్డిభక్తిని, ఆ భక్తిచే లూనా యనుచరులపై జరిపిన దౌర్జన్యమును గూడ చూపెను. వ్యక్తికి లొంగియుండుటయు దేశమునకు సేవచేయుటయు నొక్కటియేనా యని యీ చిత్ర మడుగును. ఇందలి నడక మందముగా నుండును, ఓపికతో జూడవలెను. ఈ వరుసలో మూడవదియగు 'కెజోన్' 2025లో వెలువడెను.

యుద్ధము ముగిసినదని అమెరికావారు చాటిన పిమ్మటను అరణ్యములనుండి పోరాడిన మకారియో సకాయ్ కథను రేమండ్ రెడ్ 1993లో 'సకాయ్' అను పేర చిత్రించెను. 1902లో చేసిన చట్టముచే అట్టివారి నందరను బందిపోట్లని వ్యవహరించిరి. నీవు లొంగిపోయినచో దేశమునకు శాసనసభ వచ్చునని నమ్మబలికి, 1906లో వానిని కొండదింపి, విందునకు బిలిచి పట్టుకొనిరి. 1907 సెప్టెంబరు 13వ తేదీన ఉరిదీసిరి. మఱుసటి నెలలోనే ఆ శాసనసభ కొలువుదీరెను! చాలకాలము పాఠ్యపుస్తకములలో దొంగగా మిగిలినవానికి ఈ చిత్రము దేశభక్తుడను పేరును దిరిగి యిచ్చినది.

జపాను ఆక్రమణకాలమును గూర్చి రెండు చిత్రములు ముఖ్యములు. మారియో ఓహారా 1976లో దీసిన 'తత్లోంగ్ తావోంగ్ వలాంగ్ దియోస్', అనగా 'దేవుడు లేని మూడేండ్లు', అందు మొదటిది. ఇందు నాయిక రోసారియో పల్లెటూరి ఉపాధ్యాయిని. ఆ పాత్రను 2025లో దివంగతురాలైన నోరా ఔనోర్ ధరించెను. తన్ను బలాత్కరించిన జపాను సైనికోద్యోగికే తుదకు భార్య గావలసివచ్చిన యామెను, ఊరివారు దేశద్రోహిణిగా నెంచిరి. శత్రువు క్రూరుడని చెప్పుట సులభము. మనవారి నీతికోపము గూడ క్రూరము గాగలదని చెప్పుటకు ధైర్యము గావలెను. రెండవది పేకే గల్లాగా 1982లో దీసిన 'ఓరో, ప్లాతా, మాతా'. బంగారు, వెండి, మృత్యువు అని మెట్లు లెక్కించి, కడపటి మెట్టు మృత్యువు గాకుండ ఇల్లు గట్టుకొనుట అచ్చటి యాచారము. నెగ్రోస్ దీవిలోని చెఱకుతోటల ధనికులు విందులు విడిచి యడవుల పాలగుటయు, సుకుమారు డొకడు హింసకు అలవాటుపడుటయు నిందలి కథ. ఇందు రక్తపాతము విశేషము, పిల్లలకు జూపదగదు.

కడపట మొదట చెప్పిన రొమేరో చిత్రమునకే వత్తము. దానిలో కులాస్ అను అమాయకుడు ఇల్లు కాలిపోగా మనీలాకు బయలుదేరి, విప్లవము నడుమ తిరుగుచు, ఫిలిపీనో యనగా నెవడని తెలిసికొనగోరును. స్పెయినువాడు, చీనావాడు, సంకరజాతివాడు, పల్లెవాడు - అందరును వాని త్రోవలో నెదురగుదురు. సైనికశాసనము 1972లో విధింపబడి దేశమున నోరు మెదపరాని దినములలో నీ చిత్రము వచ్చినదని గుర్తుంచుకొన్నచో, 'ఇప్పుడు మీ రెట్లున్నారు?' అను ప్రశ్న యెంత బరువైనదో తెలియును.

ఒక విషయము చెప్పి ముగింతును. ఆ దేశమున కథాచిత్రములు మొదలైనది రిజాల్ చరిత్రతోనే. 1912లో అమెరికావా రిద్దరు పోటీపడి యాతనిపై రెండు చిత్రములు తీసిరి. స్వదేశీయుడు తీసిన తొలి కథాచిత్రము 1919లో హోసే నెపోముసేనో వెలువరించినది. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వపు చిత్రములలో నేడు మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినవే. తాళపత్రములు చెదలుపాలైన మన గ్రంథములవలెనే యవియు నశించినవి. చరిత్రను నిలుపు సాధనమే నిలువనిచో నేమి చేయుదుము? కావుననే అచ్చటివారు 'ఓరో, ప్లాతా, మాతా' మొదలగు పాతచిత్రములను పూనికతో బాగుచేయించి మరల బ్రదర్శించిరి.

చూడగోరువారు 'గోంబుర్సా'తో మొదలిడి, 'హోసే రిజాల్', 'హెనెరల్ లూనా', 'గోయో', 'సకాయ్' అను క్రమమున సాగి, యుద్ధకాలపు చిత్రములను జూచి, కడపట రొమేరో చిత్రమును జూచుట మేలు. ఒక్కొక్క చిత్రము ముగిసిన పిమ్మట ఇంటిలోని పిల్లలను దగ్గఱ గూర్చుండబెట్టుకొని, ఇందు జరిగిన దెంత, కల్పించిన దెంత యని పుస్తకములు దెఱచి వెదకుడు. మబీని యేల లేవలేదని వా రడిగినచో, నవ్వక చెప్పుడు.