బంతి విసరువాని గురువు
(మహాసభ రెండవనాటి సాయంకాలమున చేసిన ప్రసంగపాఠము)



విద్యానిధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. ముప్పదియేండ్లు శబ్దమంజరియు బాలవ్యాకరణమును వల్లెవేయించిన వాడనగుటచే సంస్కృత పరీక్షలను గూర్చి ప్రసంగింతునని మీరు తలచియుందురు. కాని నేడు నేను మాటలాడబోవునది క్రికెట్టు బంతిని గూర్చి. పెద్దలు క్షమింతురుగాక.

నా దౌహిత్రుడు అమెరికాలో నొక కళాశాలయందు చదువుచున్నాడు. అచ్చటి బేస్‌బాల్ ఆటలో బంతి విసరువానిని పిచ్చర్ అందురు. ఆ విసరువారికి మాత్రమే ప్రత్యేకముగ నొక గురువును జీతమిచ్చి నియమించియున్నారని వాడు ఫోనులో చెప్పగా, "చేయి విసరుటకు కూడ ఉపాధ్యాయుడా!" యని నేను నవ్వితిని. పిదప విచారింపగా ఆ నవ్వు నా అజ్ఞానమని తేలినది. 1974లో టామీ జాన్ అను పిచ్చరునకు మోచేతి కీలుకట్టు తెగిపోయినది. వైద్యుడు అతని రెండవచేతినుండి స్నాయువును తీసి అతికింపగా, అతడు మరల ఆటకు వచ్చి 1989 వరకు ఆడెను. ఆ చికిత్స నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. చేయి అంత సుకుమారమైనది. ఎవనిచేత నెన్ని బంతులు వేయింపవలయునో లెక్కించి, చేయి చెడకముందే "చాలు" అని చెప్పువాడు ఆ గురువు.

మన దేశమున ఆ స్థానము బౌలింగు కోచ్‌ది. క్రికెట్టులో బంతి వేయునపుడు మోచేయి పదునైదు డిగ్రీలకంటె మిక్కుటముగ చాచబడరాదను నియమము గలదు. వేగముగ బంతి వేయువానికి భారము మిక్కిలిగ నడుముపైనను, నేలను తాకు ముందటి పాదముపైనను పడును. ఈ విద్యయందు పేరొందిన భరత్ అరుణ్‌గారు 1962లో మన విజయవాడయందు జన్మించి, తమిళనాడు పక్షమున ఆడినవారు. 1987-88లో ఆ జట్టు రంజీ ట్రోఫీని గెలిచినపుడు వీరందుండిరి. దేశమునకై ఆడిన టెస్టులు రెండే. కూల్చిన వికెట్లు నాలుగే. ఆటగానిగా వీరి చరిత్ర యింతటితో సరి. గురువుగా వీరి చరిత్ర పరుల లెక్కలలో వ్రాయబడినది. 2012లో ఆస్ట్రేలియాయందు పందొమ్మిదేండ్లలోపు బాలుర ప్రపంచకప్పును గెలిచిన భారత జట్టునకు వీరే శిక్షకులు. 2014 నుండి 2016 వరకును, మరల 2017 నుండి 2021 వరకును భారత జట్టునకు బౌలింగు గురువులుగా నుండిరి. తరువాత కోల్‌కతా జట్టును చేరగా, 2024లో ఆ జట్టు ఐ.పి.ఎల్. విజేత యయ్యెను.

వీరి విజయములను లెక్కించుట నా యుద్దేశము కాదు. వీరొకచో చేయకుండ విడిచిన పనియే నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. జస్‌ప్రీత్ బుమ్రా అను గుజరాతు యువకుని పరుగు పొట్టిది. చేయి కఱ్ఱవలె బిగిసియుండును. ఏ పుస్తకమునందును అట్టి భంగిమ కానరాదు. బెంగుళూరు అకాడమీలో వానిని చూచిన అరుణ్‌గారు ఆ భంగిమను దిద్దబూనలేదు. ఆ భంగిమ దేహమును మిక్కిలి శ్రమపెట్టునని యెఱిగి, దానిని మోయగల బలమును సంపాదింపుమని మాత్రము చెప్పిరి. ఆ శ్రమ కల్ల కాదు. 2023లో బుమ్రా వెన్నునకు శస్త్రచికిత్సయే చేయవలసివచ్చినది. అయినను ఆ చేతిని నాడే చక్కదిద్దియున్నచో బుమ్రా యను బౌలరే యుండెడివాడు కాడు.

వ్యాకరణము చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. సూత్రములచే సాధింపరాని రూపములు కొన్ని భాషయందుండగా, పాణిని మహర్షి వానిని తప్పులని త్రోసివేయలేదు. ఉన్నవి యున్నట్లే గ్రహించి నిపాతనములని చెప్పెను. నేను ఈ పాఠమును ఏటేట పిల్లలకు చెప్పితిని. నాకు మాత్రము చెప్పుకొనలేదు.

ఏలయన, నేను పనిచేసిన యొక బడిలో వ్యాయామోపాధ్యాయుని పదవి ఖాళీగా నుండుటచే ఆటల తరగతి నా నెత్తిన పడినది. తొమ్మిదవ తరగతిలో నొక బాలుడుండెను. తండ్రి బాయిలో టబ్బులు నింపు కోల్‌ఫిల్లరు. క్వార్టర్ల వెనుకనున్న మైదానమున వాడు బంతి వేసినచో పదవతరగతి పిల్లలును బ్యాటు పట్టుటకు జంకెడివారు. వాని చేయి చెవిప్రక్కనుండి గాక భుజము ప్రక్కనుండి తిరిగెడిది. పరుగు వంకరటింకరగా నుండెడిది. నేను గ్రంథాలయమునుండి క్రికెట్టు పుస్తకమొకటి తెచ్చి, అందలి బొమ్మలతో వానిని సరిపోల్చి, సున్నముతో గీతగీసి దానిపై పరుగెత్తించితిని. చేయి తిన్నగ లేవకున్న మందలించితిని. అపశబ్దమును దిద్దినట్లే దిద్దితిని. రెండు మాసములలో వాని వేగము పోయెను; గురియు పోయెను. తరువాత వాడు మైదానమునకే రాలేదు. కొంతకాలమునకు తండ్రి మెడికల్ అన్‌ఫిట్ కాగా కొడుకు బాయిలోనికి దిగెను. వాడు గొప్ప ఆటగాడై యుండెడివాడని నేను చెప్పజాలను. కాని వానికి దైవమిచ్చినదానిని చెడగొట్టినవాడను నేనే.

దిద్దకుండుట యొకటియే గురుత్వము కాదు. హైదరాబాదు ఆటోరిక్షా నడుపువాని కుమారుడు మహమ్మద్ సిరాజ్ చిరకాలము గల్లీలలో టెన్నిసు బంతితో ఆడి, 2015లో రంజీ జట్టున ప్రవేశించెను. 2016-17లో అరుణ్‌గారు హైదరాబాదు జట్టునకు శిక్షకులైరి. ఆ యేడు సిరాజ్ 41 వికెట్లు తీసెను. 2020 నవంబరులో ఆస్ట్రేలియాయందుండగా తండ్రి మరణించినట్లు కబురు వచ్చినది. ఇంటికి పోవుటకు అనుమతి దొరకినను అతడచ్చటనే నిలిచెను. డిసెంబరులో మెల్‌బోర్ను నగరమున తొలి టెస్టు ఆడెను. జనవరిలో బ్రిస్బేను చేరునప్పటికి పెద్ద బౌలర్లందఱు గాయములతో కూర్చుండిరి. మూడవ టెస్టు మాత్రమే ఆడుచున్న సిరాజ్ ఆ కుఱ్ఱవారిలో పెద్ద యయ్యెను! రెండవ ఇన్నింగ్సులో 73 పరుగులకు 5 వికెట్లు తీసెను. 1988 తరువాత ఆస్ట్రేలియా యోటమి నెఱుగని ఆ మైదానమున 2021 జనవరి 19న భారత జట్టు గెలిచెను. ఆ దినమున పత్రికలన్నిట సిరాజ్ బొమ్మ వచ్చెను, రావలసినదే. బంతులు వేయించినవారి బొమ్మకై నేను వెదకితిని. ఉపాధ్యాయుని కండ్లకు ఉపాధ్యాయుడే ముందు కనబడవలయునుగదా!

ఇక మన సంగతి. రామగుండము, గోదావరిఖని ప్రాంతమున పిల్లల భుజములకు లోటు లేదు. సింగరేణి కాలనీల ప్రక్కనున్న మైదానములలో ఆదివారమునాడు చూచినచో మీకే తెలియును. గురువులకు లోటు. గత సంవత్సరపు మన జమాఖర్చుల పట్టికలో ఆటల పద్దు క్రింద కప్పులు, శాలువలు, షామియానా తప్ప వేరొకటి కానరాదు. గెలిచినవానికి కప్పునిచ్చుట సులభము. గెలువకముందు వాని ప్రక్కన నిలుచువానికి జీతమిచ్చుటకు మనకు చేతులు రావు.

క్రిందటి మాసమున గోదావరిఖని చౌరస్తాలో నా పూర్వపు శిష్యుడు, ఆ కోల్‌ఫిల్లరు కొడుకు, కనబడెను. మొదటి షిఫ్టు ముగించి వచ్చుచున్నాడు, తల నెరసినది. ఆదివారములందు పిల్లలకు బౌలింగు నేర్పుచున్నాడట. నేను తలవంచుకొని నాటి సంగతి యెత్తగా, వాడు నవ్వి, "సారూ, ఆ పుస్తకం తర్వాత నేను గూడ సూసిన. అండ్ల నా చెయ్యి లేదు" అనెను. కోపము లేదు. తనకు శిక్షణ లేదనియు, ఎవరి నడుము నొచ్చునో తనకు తెలియుట లేదనియు, ఎఱిగినవా రెవరైన వచ్చి నెలదినములు చూపినచో తానును నేర్చుకొందుననియు చెప్పెను.

కావున నా మనవి యిది. ఈ యేడు కప్పులు మానుదము. వచ్చు వేసవిలో శిక్షణ పొందిన బౌలింగు కోచ్ నొకనిని నెలదినములు మన యూరికి రప్పింపవలయును. అతనికి బసయు భోజనమును మన భవనమున నేర్పఱుపవచ్చును. మైదానమునకై కంపెనీ అధికారులకు అర్జీ వ్రాసితిని. అధ్యక్షుల సంతకము కావలసియున్నది. నా యొక మాసపు పింఛను సొమ్మును ఉదయముననే చెల్లించితిని. కోశాధికారిగారు భోజనశాల వాకిట బల్లయొద్ద రసీదు పుస్తకముతో రాత్రి తొమ్మిది గంటలవరకు కూర్చుండెదరు.