మేళము వెంట తాళము

కండక్టరనగానే మన జిల్లా శ్రోతలకు గుడివాడ బస్సు జ్ఞప్తికి వచ్చును. సింఫనీ మేళమును నడపువానిని గూడ పాశ్చాత్యులు ఆ పేరనే పిలుతురు. 1984లో న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ బృందము మన దేశమునకు వచ్చినపుడు దానిని నడపినవారు బొంబాయిలో జన్మించిన జుబిన్ మెహతాగారు. అట్టి నాయకునకు చేత చిన్న బెత్తమే గాని నోట మాట ఉండదు. సుమారు నూర్గురు వాద్యకారులు ఒక కన్ను స్వరపత్రముపైనను, ఒక కన్ను ఆ చేతిపైనను ఉంచి వాయింతురు.

మనకును అట్టి నాయకుడు కలడు. బందరుకు పడమట, దివిసీమకు ఉత్తరమున నున్న కూచిపూడిలో తరతరములుగా ఉన్నాడు. ఆయన చేతిలో బెత్తము లేదు, తాళములు కలవు. ఆయన మౌని కాడు. జతులు చెప్పును, పాడును. భామాకలాపమున తానే మాధవియై సత్యభామను మాటలాడించి నవ్వించును. మృదంగమువాని యెదుట పత్రమేదియు లేదు. అందరి చూపును నర్తకి పాదముపైననే. ఆమె ఒక భావమును విస్తరింపదలచెనా, ఆ చరణము మరల మరల వచ్చును. తరంగమున ఇత్తడి పళ్లెరపు అంచుపై నిలిచిన పాదము తొట్రుపడినచో కాలము నెరిగి సర్దువాడును ఆయనయే.

1929లో కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఈ నాట్యమును సముద్రములు దాటించిరి. వారి నృత్యనాటకములకు పట్రాయని సంగీతరావుగారు సంగీతము కూర్చిరి. నేడు మన సీమనుండి వెళ్లి అమెరికాలో స్థిరపడినవారి బిడ్డలనేకులు ఈ నాట్యము నేర్చుచున్నారు. కాని పలుచోట్ల ప్రదర్శనమునకు ముద్రిత సంగీతమే దిక్కగుచున్నది. విమానపు ఖర్చులు, వీసా చిక్కులు మేమెరుగనివి కావు. అయినను యంత్రము పాదమును చూడదు. నర్తకియే దాని వెంట పరుగెత్తవలెను. కూచిపూడికి ఇది చిన్న లోటు కాదని మా అభిప్రాయము.

మేళమంతయు పోనక్కరలేదు. తాళము పట్టువారిని, మృదంగము వాయించువారిని, ఇద్దరిని పిలిచినను చాలును. వయొలిను, వేణువు నేర్చిన పిల్లలు అచ్చటి మన కుటుంబములలోనే దొరకుదురు. పాటల వరుస వారికి ముందుగా పంపి, ప్రదర్శనమునకు ముందు నాలుగు పూటలు కలిసి సాధన చేయించినయెడల మేళము కుదురును.