బైబిలు కథ, మన గీత
(సంఘం సాంస్కృతిక సభలో యువతకు చేసిన ప్రసంగం)

మన గూడేల్లో బొమ్మలు వేసే పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు చర్చికి వెళ్తారు, కొందరు ఇలవేల్పుల కొలుపుకు వెళ్తారు. కొన్ని ఇళ్ళలో రెండూ ఉన్నాయి. అందుకే ఈ మాట అందరి ముందూ అడుగుతున్నాను. బైబిలు కథకు మనం బొమ్మ వేస్తే, ఆ గీత ఎవరిది కావాలి?

క్రైస్తవం మన గోదావరి ఒడ్డుకు నిన్న మొన్న రాలేదు. 19వ శతాబ్దంలోనే దుమ్ముగూడెంలో సి.ఎం.ఎస్. మిషన్ పెట్టారు. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకున్నారు, మన ఆచారాల గురించి రాశారు. మాట మన భాష దాకా వచ్చింది గానీ, బొమ్మ రాలేదు. ఇప్పటికీ గోడమీది క్యాలెండర్‌లో యేసుకు తెల్లటి ముఖం, నీలి కళ్ళు. యేసు పుట్టిన బెత్లెహేము ఉన్నది ఆసియాలో. ఆ ముఖాన్ని యూరప్ చిత్రకారులు తమ ఊరివాళ్ళను చూసి వేసుకున్నారు. అది వాళ్ళ హక్కు. మరి మన హక్కు మాటేమిటి?

మన దేశంలో ఈ పని చేసినవాళ్ళు ఉన్నారు. జామినీ రాయ్ బెంగాల్ పల్లె పటాల గీతలోనే క్రీస్తును వేశారు. దూరం ఎందుకు, డోర్నకల్ వెళ్ళి చూడండి. కొత్తగూడెం వైపు రైలు మళ్ళేది అక్కడే. బిషప్ అజరయ్య కట్టించిన కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దానికి మసీదులాంటి గుమ్మటాలు, గుడి మండపంలాంటి స్తంభాలు ఉంటాయి. ఈ నేల మీది వాస్తు అంతా మనదే అని ఆయన అనుకున్నారు.

ఇక మన సంగతి. డోలి కోయలు పడిగె విప్పి, ఆ గుడ్డమీది బొమ్మలు చూపుతూ వేల్పుల కథ, వంశాల కథ పాడతారు. అలాంటి కథలు పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. బొమ్మతో కథ చెప్పడం మనకు ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు.

అయితే ఒక హద్దు ఉంది. పడిగె అలంకారం గుడ్డ కాదు, అది వేల్పు. దానిమీది గుర్తులు ఒక్కో గొట్టువి. అందంగా ఉన్నాయని వాటిని తెచ్చి సిలువ పక్కన అతికిస్తే పెద్దల మనసు నొచ్చుకుంటుంది, ఊరు రెండుగా చీలుతుంది. కథను వరసగా, బొమ్మ తర్వాత బొమ్మగా చెప్పే పద్ధతి నేర్చుకోండి. వేల్పు గుర్తులను మాత్రం ముట్టకండి. అనుమానం వస్తే పెద్దలను అడగండి.

ఒక పని చెప్తాను. విత్తువాని ఉపమానం తీసుకోండి. కొన్ని గింజలు దారిలో, కొన్ని రాతినేలలో, కొన్ని ముళ్ళపొదల్లో, కొన్ని మంచి నేలలో పడ్డాయి. పోడు చేసిన ఇంటి పిల్లలకు ఈ నాలుగు నేలలూ తెలుసు. దాన్ని మన పోడులోనే వేయండి. వేసేటప్పుడు ప్రశ్నలు పుడతాయి. విత్తేవాడు ఎలా ఉంటాడు? ఏడాదంతా విత్తనం దాచిన అమ్మను ఎక్కడ నిలబెట్టాలి? ఆ నేలలో నరకకుండా వదిలిన ఇప్పచెట్టు ఉందా? చదివినప్పుడు దాటిపోయే మాట దగ్గర బొమ్మ వేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆగిన చోటే ఆలోచన మొదలవుతుంది. నమ్మినవాళ్ళకు అది ధ్యానం, నమ్మనివాళ్ళకు పక్కింటివాళ్ళ కథ తెలుసుకునే దారి.

వేసిన బొమ్మను చర్చిలోనే ఉంచేయకండి. గూడెం మధ్యకు తెచ్చి అవ్వకు, తాతకు చూపించండి. “ఇది మన పోడే కదా!” అని వాళ్ళు గుర్తుపట్టిన రోజున ఆ గీత మనదైనట్టు.