జాంబియా తొలి అధ్యక్షుడు కెన్నెత్ కౌండా

సికింద్రాబాదులో ఒకప్పటి జేమ్స్ స్ట్రీటు నేడు మహాత్మాగాంధీ రోడ్డు. ఆ మహాత్ముడి బాటను ఆఫ్రికాలో పట్టిన నాయకుడు కెన్నెత్ కౌండా.

1924లో ఉత్తర రొడీషియాలో పుట్టారు. తండ్రి మత ప్రచారకుడు, ఉపాధ్యాయుడు. కౌండా కూడా బడిపంతులుగానే జీవితం మొదలుపెట్టారు. బ్రిటిష్ పాలనకు ఎదురు నిలిచి జైలుకు వెళ్ళినా, అహింసనే నమ్ముకున్నారు. 1964 అక్టోబరు 24న ఉత్తర రొడీషియా జాంబియా పేరుతో స్వతంత్రమైంది. ఆయనే తొలి అధ్యక్షుడు.

రాగి గనులున్నా, అప్పటికి దేశంలో పట్టభద్రులు వంద మందికి అటూ ఇటూ మాత్రమే! అందుకే బడులు కట్టించారు. 1966లో జాంబియా విశ్వవిద్యాలయం మొదలైంది. దక్షిణాఫ్రికా స్వాతంత్ర్య యోధులకు రాజధాని లుసాకాలో ఆశ్రయమిచ్చారు. భారతదేశం ఆయనను 1970 సంవత్సరపు జవహర్‌లాల్ నెహ్రూ అవార్డుతో గౌరవించింది.

అయితే 1972 చివర్లో ఏకపార్టీ పాలన తెచ్చారు. అది ప్రజాస్వామ్యానికి చేటే. రాగి ధర పడిపోయి, అప్పులు పెరిగి, జనం అవస్థలు పడ్డారు. చివరకు 1991లో బహుళపార్టీ ఎన్నికలు జరిపించారు. ఓడిపోయారు. తీర్పును మన్నించి, శాంతియుతంగా పదవి అప్పగించారు.

ఎయిడ్స్ పేరెత్తడానికే జనం జంకే 1987లో, తన కొడుకు ఆ జబ్బుతోనే చనిపోయాడని లోకానికి చెప్పారు. 2021లో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అధికారం చేపట్టడానికే కాదు, వదులుకోవడానికీ ధైర్యం కావాలి. కౌండాకు ఆ రెండు ధైర్యాలూ ఉండేవి.